స్కాట్లాండ్ కొండసీమలో ఆరు రోజులు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన కార్యదర్శిగారు నాకు ఫోను చేసి, "మీరు విదేశం వెళ్ళి వచ్చారు కదా, ఒక అరగంట మాట్లాడండి. డి.ఏ. బకాయిల జోలికి మాత్రం పోవద్దు, ఆ అంశం అజెండాలో విడిగా ఉంది" అన్నారు. అందువల్ల నేను కొండల గురించే మాట్లాడతాను. అయితే ముప్పై నాలుగేళ్ళు సర్వే గొలుసు వెంట నడిచిన మనిషిని. కొండను చూచినా హద్దురాయి ఎక్కడుందని వెతికే అలవాటు పోలేదు. నా మాటల్లో ఆ వాసన తగిలితే మీరు మన్నించనక్కరలేదు. మీరందరూ అదే శాఖవారు.

మా అమ్మాయి, అల్లుడు ఎడింబరో నగరంలో ఉద్యోగాలు చేస్తున్నారు. 2023 జూన్‌లో నేనూ, మా ఇంటావిడా అక్కడికి వెళ్ళాము. పిల్లలకు సెలవు దొరకలేదు. "మీరిద్దరూ ఇంట్లో కూర్చుని ఏం చేస్తారు, బస్సు యాత్రకు వెళ్ళి రండి" అని హైలాండ్స్ అనే ఉత్తరపు కొండసీమకు ఆరు రోజుల యాత్రకు టిక్కెట్లు కొనిపెట్టారు.

ముందుగా ఏర్పాట్ల సంగతి చెబుతాను. సభ అయిన తరువాత అందరూ అడిగేది అదే. బస్సు చిన్నది, పదహారు సీట్లు. డ్రైవరే గైడు. గళ్ళ కిల్టు కట్టుకొని, చెవి దగ్గర మైకు పెట్టుకొని, బండి నడుపుతూనే చరిత్ర చెబుతాడు. ఏ రోజుకారోజు సీట్లు మార్చాలని నియమం. ముందు సీటు అందరికీ ఒకసారి వస్తుంది. రాత్రి బస చిన్న చిన్న గెస్టుహౌసుల్లో. వాటిలో చాలావాటికి లిఫ్టు ఉండదు. మోకాళ్ళ నొప్పులున్నవారు కింది గది కావాలని ముందే చెప్పి వ్రాయించుకోవాలి. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి. గొడుగు దండగ, గాలికి తిరగబడిపోతుంది. టోపీ ఉన్న వానకోటు కొనుక్కోండి. మేము వెళ్ళింది జూన్ నెల అయినా వాతావరణం ఉదయం మృగశిర, మధ్యాహ్నం రోహిణి, సాయంకాలం స్వాతి అన్నట్లుండేది. పొద్దుగూకడం రాత్రి పది దాటిన తరువాతే. మా ఇంటావిడ మొదటి రోజు సంధ్యాదీపం ఎప్పుడు పెట్టాలో తెలియక గడియారం చూచుకొంటూ కూర్చుంది. గాలి లేని సాయంకాలాలలో మిడ్జీలని, దోమలకన్నా చిన్న పురుగులు గుంపులుగా వచ్చి కుడతాయి. శాకాహారులకు ఇబ్బంది లేదు. ఓట్స్ జావ, రొట్టె, బంగాళాదుంపలు, కూరగాయల సూపు ప్రతిచోటా దొరుకుతాయి. మేము మాత్రం కందిపొడి సీసా వెంట తీసుకెళ్ళాము. మూడవ రోజుకు బస్సులో నలుగురు దాని రుచి మరిగారు.

ఇక యాత్రలోకి వస్తాను. మొదటి రోజు ఎడింబరో నుండి స్టిర్లింగ్, కాలండర్ ఊళ్ళమీదుగా పైకి వెళ్ళాము. చెట్లు తగ్గి, పొలాలు తగ్గి, మధ్యాహ్నానికి రానొక్ మూర్ అనే మైదానం వచ్చింది. సుమారు 50 చదరపు మైళ్ళ బురదనేల. నీటిమడుగులు, రాళ్ళు, గోధుమరంగు గడ్డి. ఒక్క ఇల్లు లేదు. అది దాటగానే రెండు వైపులా కొండలు గోడల్లా లేచి మధ్యలో లోయ దిగింది. అదే గ్లెన్‌కో. బస్సులో అందరూ కెమెరాలు తీశారు. డ్రైవరు బండి ఆపి, ఇక్కడ జరిగింది చెప్పిన తరువాత ఫోటోలు తీసుకోండి అన్నాడు.

ఆయన చెప్పిన కథ మన ఆఫీసుల్లో పనిచేసినవారికి ఇట్టే అర్థమవుతుంది. 1691లో రాజు మూడవ విలియం ప్రభుత్వం కొండ తెగల పెద్దలందరూ 1692 జనవరి 1 లోపల విధేయతా ప్రమాణపత్రం మీద సంతకం చేయాలని గడువు పెట్టింది. గ్లెన్‌కో మెక్‌డొనాల్డుల పెద్ద వయసు మళ్ళినవాడు. చివరి రోజున ఫోర్ట్ విలియం కోటకు వెళ్ళాడు. అక్కడి అధికారి, "ఈ సంతకం తీసుకొనే అధికారం నాకు లేదు, ఇన్వరరీ వెళ్ళి షెరీఫు ముందు చేయాలి" అన్నాడు. ముసలాయన మంచులో కొండలు దాటి అక్కడికి చేరి, సంతకం చేసేసరికి జనవరి 6 అయింది. గడువు దాటింది. ఫిబ్రవరి మొదట్లో సైనికులు ఆ లోయకు వచ్చి, ఇంటింటా అతిథులుగా దిగి, దాదాపు రెండు వారాలు వాళ్ళ తిండి తిన్నారు. ఫిబ్రవరి 13 తెల్లవారుజామున ఆతిథ్యమిచ్చినవారినే చంపారు. 38 మంది చనిపోయారు. తప్పించుకొని కొండలెక్కినవారిలో మరికొందరు మంచులో ప్రాణాలు వదిలారు.

మిత్రులారా, "ఇది నా పరిధిలోది కాదు, ఫలానా ఆఫీసుకు వెళ్ళండి" అన్న మాట మనం ఎన్నిసార్లు వినలేదు! ఆ మాట ఒక్కొక్కప్పుడు ఎంత బరువైనదో ఆ లోయలో నిలబడినప్పుడు తెలిసింది.

రెండవ రోజు ఫోర్ట్ విలియం నుండి గ్లెన్‌ఫినన్ వెళ్ళాము. అక్కడ 21 కమానుల కాంక్రీటు రైలు వంతెన ఉంది. ఆ రైలుమార్గం 1901లో తెరిచారు. హ్యారీ పోటర్ సినిమాల్లో రైలు వెళ్ళేది ఆ వంతెన మీదనే. మా మనవడి కోసం ఫోటో తీశాను. అయితే ఆ చోటుకు అసలు పేరు వచ్చింది మరొకందుకు. పోగొట్టుకొన్న సింహాసనం తిరిగి సంపాదించడానికి స్టూవర్టు వంశపు రాకుమారుడు చార్లెస్ 1745 ఆగస్టు 19న అక్కడ జెండా ఎత్తాడు. కొండ తెగలవారు ఎందరో ఆయన వెంట నడిచారు. ఆ కథ ముగింపు నాల్గవ రోజున చూచాము. అది తరువాత చెబుతాను. మధ్యాహ్నం మాలైగ్ రేవులో ఫెర్రీ ఎక్కి స్కై ద్వీపం చేరాము.

మూడవ రోజు ఆ ద్వీపం చుట్టూ తిరిగాము. స్టార్ అనే చోట కొండ మీద వేలెత్తి చూపినట్లున్న రాతిస్తంభం, నిలువుగా మడతలు పెట్టిన గుడ్డలా కనిపించే కిల్ట్ రాక్ కొండచరియ, విరిగిపడిన కొండల నడుమ క్విరాంగ్. అక్కడి రోడ్లు ఒక్క బండికి సరిపోయేవి. కొద్ది కొద్ది దూరాలలో పక్కకు తప్పుకొనే జాగాలుంటాయి. ఎదురు బండి కనిపిస్తే ఎవరు దగ్గరుంటే వారు ఆగుతారు. దాటేవారు చెయ్యి ఎత్తి కృతజ్ఞత చెబుతారు. ఆరు రోజుల్లో హారను మోత ఒక్కసారి కూడా వినలేదు.

ద్వీపం ఉత్తర కొసన డంటుల్మ్ అనే పాడుబడిన కోట ఉంది. సముద్రానికి అవతల నీలంగా కొండలు కనిపించాయి. అవేమిటని అడిగితే, హారిస్ కొండలు, వాటికి ఉత్తరంగా అదే దీవిలో లూయిస్ ఉంది, దాని ముఖ్య పట్టణం స్టోర్నోవే అని డ్రైవరు చెప్పాడు. స్టోర్నోవే అనగానే నేను లేచి నిలబడ్డాను. మన శాఖలో ఆ పేరు తెలియనివారుండకూడదు. కల్నల్ కాలిన్ మెకంజీ ఆ ఊళ్ళో 1754 ప్రాంతంలో పుట్టాడు. 1783లో మద్రాసు వచ్చాడు. 1799లో టిప్పు పతనం తరువాత మైసూరు రాజ్యాన్ని సర్వే చేశాడు. 1815లో భారతదేశానికి మొట్టమొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. కొలతలతో ఆయన ఆగలేదు. ఊరూరా శాసనాలు, తాటాకు గ్రంథాలు, గ్రామ చరిత్రలు సేకరించాడు. మన కైఫీయతులన్నీ అలా వచ్చినవే. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారు ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్నవయసులోనే పోతే, లక్ష్మయ్య ఆ భారం ఎత్తుకొన్నాడు. సముద్రం మధ్య దీవిలో పుట్టినవాడు, ఏలూరులో పుట్టినవారు కలిసి మన ఊళ్ళ కథలు కాగితం మీద పెట్టారు. నేను ఆ నీలం కొండలవైపు తిరిగి ఒక నమస్కారం పెట్టాను. బస్సులోవాళ్ళు సముద్రుడికి మొక్కుతున్నాననుకొన్నారు.

ఆ సాయంకాలం పోర్ట్‌రీ పట్టణానికి దగ్గరలో బ్రేస్ అనే పల్లె దారిలో ఒక రాళ్ళ స్తూపం చూచాము. అక్కడి కౌలురైతులు తమ మేతబీళ్ళ హక్కు కోసం అద్దె కట్టడం ఆపారు. 1882లో గ్లాస్గో నుండి పోలీసులను పిలిపించారు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ రాళ్ళతో ఎదిరించారు. దాని ఫలితంగా 1883లో ప్రభుత్వం ఒక విచారణ కమిషను వేసింది. కమిషను అధ్యక్షుడు నేపియర్ ప్రభువు. ఈయన ఎవరనుకొన్నారు? 1866 నుండి 1872 వరకు మన మద్రాసు రాజధానికి గవర్నరుగా పనిచేసిన ఆయనే. కమిషను ఊరూరా తిరిగి, గేలిక్ భాష మాత్రమే వచ్చిన రైతులను కూడా దుబాసీల ద్వారా విచారించి, పేరుపేరునా వాళ్ళ మాటలు వ్రాయించింది. 1886లో చట్టం వచ్చింది. అద్దె సక్రమంగా కట్టే చిన్న రైతును ఇష్టం వచ్చినట్లు వెళ్ళగొట్టడానికి అప్పటినుండి వీలు లేకపోయింది. హైదరాబాదు ప్రాంతంలో పనిచేసిన మిత్రులకు 1950 కౌలుదారీ చట్టం, రక్షిత కౌలుదారు అన్న మాటా గుర్తుకు వస్తాయి.

అయితే ఆ చట్టం రావడానికి ముందు నూరేళ్ళు ఏం జరిగింది? దాని గురించే నేను ముఖ్యంగా చెప్పదలచుకొన్నాను.

నాల్గవ రోజు వంతెన మీదుగా స్కై దాటాము. ఆ వంతెన 1995లో కట్టారు. ఐలీన్ డోనన్ కోట చూచాము. 1719లో ప్రభుత్వ నౌకలు ఫిరంగులతో కూల్చిన కోట అది. రెండు వందల ఏళ్ళు శిథిలంగా ఉండి, 20వ శతాబ్దంలో తిరిగి కట్టబడింది. తరువాత లాక్ నెస్ సరస్సు. లాక్ అంటే గేలిక్‌లో సరస్సు. సుమారు 23 మైళ్ళ పొడవు, 750 అడుగుల లోతు. అందులో వింతజంతువు ఉందన్న ప్రచారం 1933 నుండి జోరందుకొంది. మాకు బాతులు కనిపించాయి.

సాయంకాలం ఇన్వర్‌నెస్ దగ్గర కల్లోడెన్ మైదానానికి వెళ్ళాము. గ్లెన్‌ఫినన్‌లో జెండా ఎత్తిన రాకుమారుడి కథ ఇక్కడ ముగిసింది. 1746 ఏప్రిల్ 16న గంట లోపలే యుద్ధం అయిపోయింది. రాకుమారుడి పక్షాన సుమారు 1,500 మంది చనిపోయారు. తెగల పేర్లు చెక్కిన రాళ్ళు గడ్డిలో వరుసగా ఉన్నాయి. తరువాత ప్రభుత్వం కొండవారి దుస్తులను కూడా నిషేధించింది. మా డ్రైవరు కట్టిన గళ్ళ కిల్టు 1746 చట్టం నుండి 1782 వరకు అక్కడి మగవారికి నేరం.

మనవారు గమనించవలసిన విషయం మరొకటుంది. ఆ సీమలో 1725 నుండి జనరల్ వేడ్ సుమారు 250 మైళ్ళ రోడ్లు, వంతెనలు వేయించాడు. అవి సంతకు వెళ్ళేవాడి కోసం వేసినవి కావు, సైన్యం కోసం వేసినవి. కల్లోడెన్ తరువాత 1747 నుండి 1755 వరకు విలియం రాయ్ ఆధ్వర్యాన గొలుసులతో కొలిచి ఆ సీమ అంతటికీ పటం తయారుచేశారు. మొదట రోడ్డు, తరువాత సైన్యం, ఆ వెనుక సర్వేయరు. మన మన్యంలోనూ గూడెం ఘాట్ రోడ్డు పనుల్లో గిరిజనులచేత చాలీచాలని కూలికి వెట్టి చేయించడం 1922 నాటి అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణం. మంచి రోడ్డు మీద సుఖంగా పోతున్నప్పుడు ఇది ఎవరి కోసం వేశారని ఒకసారి అడుక్కోవడంలో తప్పులేదు.

ఐదవ రోజు ఉదయం ఇన్వర్‌నెస్‌కు ఉత్తరంగా వెళ్ళాము. రోడ్డు పక్కన ఫైరిష్ అనే కొండ మీద రాతి కమానులు కనిపించాయి. దూరానికి మన గోపురద్వారాల్లాగే ఉన్నాయి. సర్ హెక్టర్ మన్రో అనే సేనాని 1781లో నాగపట్నం కోటను డచ్చివారి నుండి గెలిచి, స్వగ్రామం చేరి, ఆ కోట ద్వారం నమూనాగా 1780లలో కట్టించిన కట్టడం అది. పనులు లేక అలమటించే జనానికి కూలి దొరకడం కోసం కట్టించాడని చెబుతారు. మన కరువు పనుల్లాంటిదన్నమాట. పని ఎక్కువ రోజులు సాగాలని రాళ్ళను మళ్ళీ కిందికి దొర్లించేవాడట!

అక్కడినుండి స్ట్రూయీ కొండదారి పట్టి, ఆర్డ్‌గే దాటి, ఒక నది వెంట సన్నని రోడ్డులో పది మైళ్ళు లోపలికి వెళ్ళాము. ఆ దారిలో నేను ఒక సంగతి గమనించాను. కొండవాలు అంతా గోధుమరంగు. మధ్యలో అక్కడక్కడ పచ్చని మచ్చలు, చతురస్రంగా. వాటి పక్కన బోదెలు తోలినట్లు గీతలు. మోకాలెత్తు గోడలు. ఆ పచ్చని చోట్లు ఏమిటో తెలుసా అని డ్రైవరు అడిగాడు. "పాటిదిబ్బలు" అన్నాను తెలుగులో. మన ఊళ్ళలో పాత ఊరు ఉన్నచోట మట్టి సారవంతంగా ఉంటుందని, ఆ పాటిమన్ను బండ్లతో పొలాలకు తోలుతారని ఇంగ్లీషులో వివరించాను. ఆయన మైకు తీసి పక్కన పెట్టాడు. "అవును, అవి ఇళ్ళు" అన్నాడు.

మిత్రులారా, మొదటి రోజు నుండి మేము "ఎంత ప్రశాంతంగా ఉంది, ఒక్క మనిషి కనిపించడు" అని మురిసిపోయిన లోయలలో చాలావాటిలో ఒకప్పుడు మనుషులున్నారు. 18వ శతాబ్దం చివరినుండి 19వ శతాబ్దం మధ్య దాటేవరకు భూస్వాములు వాళ్ళను ఖాళీ చేయించారు. రైతులిచ్చే అద్దెకన్నా గొర్రెల కాపు పెద్దమొత్తం ఇచ్చేవాడు. అంతే కారణం. కొన్నిచోట్ల మళ్ళీ రాకుండా ఇళ్ళ దూలాలు తగలబెట్టారు. కొందరిని సముద్రపు ఒడ్డున రాతినేలలకు తోలారు. కొందరు ఓడలెక్కి కెనడా, ఆస్ట్రేలియా పోయారు. ప్రపంచమంతా వచ్చి చూచే ఆ ఖాళీ దేవుడు చేసింది మాత్రమే కాదు. నోటీసులు ఇచ్చి చేయించింది కూడా.

రోడ్డు చివర క్రోయిక్ అనే చిన్న చర్చి ఉంది. చుట్టూ రాతిగోడ, గాలికి ఊగే చెట్లు. 1845 మే నెలలో పక్కనున్న గ్లెన్‌కాల్వీ లోయనుండి వెళ్ళగొట్టబడిన 80 మందికి పైగా జనం, పిల్లలతో, ముసలివారితో ఆ చర్చి ఆవరణలో దుప్పట్లు, గుడ్డలు కట్టుకొని తలదాచుకొన్నారు. చర్చి లోపలికి వెళ్ళలేదు. బయటినుండి కిటికీ అద్దాలమీద మొనదేలిన దేనితోనో గీసి వ్రాశారు. ఆ అద్దాలు నేటికీ ఉన్నాయి. తలను పక్కకు వంచి, వెలుతురు పడేలా చూస్తే అక్షరాలు కనిపిస్తాయి. ఇంటి భాష గేలిక్ అయినా వ్రాసింది ఇంగ్లీషులో. పేర్లు, తేదీ, గ్లెన్‌కాల్వీ జనం ఇక్కడ ఉన్నారన్న మాట. అంతే. ఎవరినీ తిట్టలేదు. పైగా తమ పాపమే తమకీ గతి పట్టించిందన్నట్లు ఒకచోట వ్రాసుకొన్నారు.

మా ఇంటావిడ ఆ కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. తరువాత నాతో, "మీ అమ్మగారి ఊరు మునిగినప్పుడు ఇలా వ్రాయడానికి అద్దం కూడా లేదు కదండీ" అంది.

మా అమ్మ పుట్టిన ఊరు కర్నూలు జిల్లాలో కృష్ణ ఒడ్డున ఉండేది. 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయంలో మునిగింది. జలాశయం వల్ల వెలుగు వచ్చింది, నీరు వచ్చింది. కాదనను. మీలోనూ అలాంటి ఊళ్ళవారున్నారు. కొందరు ఆ ముంపు భూములు కొలిచినవారున్నారు. వేసవిలో నీరు తగ్గినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడినట్లే మా ఊరి పాటి కూడా బయటపడుతుంది. నేను రెండుసార్లు వెళ్ళాను. గోడల మొదళ్ళు, ఒక రోలు, రచ్చబండ రాళ్ళు కనిపిస్తాయి. ఆ ఊరి ఎఫ్.ఎం.బి.లో ప్రతి పొలానికీ నంబరు ఉంది. కొలతలున్నాయి, విస్తీర్ణం ఉంది. పొలం పేరు లేదు. పేరు వ్రాయడానికి అందులో గడి లేదు. మా అమ్మ నాకు చిన్నప్పటినుండి చెబుతూ వచ్చిన పేర్లు పదకొండు. మర్రిమాను చేను, దొరువు చేను, పెద్దబండ చేను, జమ్మికింద మడి... ఇలాగ. మా అమ్మ 2009లో పోయింది. ఇప్పుడు ఆ పదకొండు పేర్లు ఈ భూమిమీద నా తలకాయలో తప్ప ఎక్కడా లేవని క్రోయిక్ చర్చి దగ్గర స్ఫురించింది. నాకు డెబ్బై నాలుగేళ్ళు. ఆ రాత్రి ఇన్వర్‌నెస్ గెస్టుహౌసులో కూర్చుని వాటిని కాగితం మీద పెట్టాను.

ఆరవ రోజు తిరుగుప్రయాణం. పిట్‌లాక్రీ దగ్గర క్వీన్స్ వ్యూ అనే చోట నిలబడితే సరస్సుకు ఆవల షిహాలియన్ కొండ, గోపురంలా కనిపిస్తుంది. 1083 మీటర్ల ఎత్తు. 1774లో ఇంగ్లాండు రాజజ్యోతిష్కుడు నెవిల్ మాస్కెలిన్ ఆ కొండకు రెండు వైపులా ప్లంబ్‌బాబ్ వ్రేలాడదీసి, కొండ దానిని తనవైపు ఎంత లాగుతుందో నక్షత్రాల ఆధారంతో కొలిచాడు. ఛార్లెస్ హట్టన్ ఆ కొలతలమీద లెక్కలు కట్టి, భూగోళం సాంద్రత నీటికన్నా నాలుగున్నర రెట్లని తేల్చాడు. నేటి లెక్క ఐదున్నర. ఆ పని సులువు కావడానికి ఒకే ఎత్తులో ఉన్న బిందువులను కలిపి గీతలు గీశాడు. మనం జీవితమంతా గీసిన కంటూరు గీతలకు అదొక తొలి ఉపయోగం. కొండ గుండును లాగుతుందన్న సంగతి హిమాలయాల దగ్గర మన దేశపు సర్వేవారికీ తలనొప్పి తెచ్చిపెట్టింది. మిగతావారు ఫోటోలు తీస్తుంటే నేను మాత్రం కొండకు సెల్యూటు చేశాను.

ఆ దారిలోనే డ్రైవరు చెప్పిన ఇంకొక మాట నాకు ఉపయోగపడింది. 19వ శతాబ్దంలో వాళ్ళ సర్వేశాఖవారు పెద్ద పటాలు వేసేటప్పుడు పేర్ల పుస్తకాలని విడిగా ఉంచేవారు. ప్రతి కొండకు, వాగుకు, గుడిసెకు స్థానికుల నోట పేరు విని, దాని వ్రాత, అర్థం, ఆ పేరు చెప్పిన మనుషులెవరో అందులో నమోదు చేసేవారు. గేలిక్ తెలియని సర్వేయర్ల చేతిలో కొన్ని పేర్లు వంకర పోయాయి. అయినా పుస్తకాలు మిగిలాయి. 2022 జనాభా లెక్కల ప్రకారం స్కాట్లాండులో గేలిక్ మాట్లాడగలవారు 70 వేల లోపే. కాని కొండసీమలో రోడ్డు బోర్డులమీద ఆ భాషలోనూ ఊరి పేరు ఉంటుంది. బెన్ అంటే కొండ, గ్లెన్ అంటే లోయ, ఇన్వర్ అంటే నదీముఖం. మనుషులు పోయిన లోయలకు కూడా వాళ్ళు పెట్టిన పేర్లు నిలిచి ఉన్నాయి. ఎవరో ఒకరు అడిగి వ్రాశారు కనుక నిలిచాయి.

ఇప్పుడు మన సంగతి. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో డ్రోన్లతో, రోవర్లతో రీసర్వే మొదలైంది. మనం నెలలు పట్టి చేసిన పని రోజుల్లో అవుతున్నది. సంతోషం. పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. శాటిలైటు సెంటీమీటర్లలో కొలుస్తుంది. అయితే ఆ మడిని ఊరివారు ఏమని పిలుస్తారో శాటిలైటుకు తెలియదు. ఆ సంగతి తెలిసినవారు గొలుసు వెంట గట్లమీద నడిచి, కరణంగారినీ, తలారినీ, రైతునూ అడిగి తెలుసుకొన్నవారు. అంటే ఈ హాలులో కూర్చున్నవారు. మన తరువాత అడగడానికి ఎవరూ ఉండరు.

అందుచేత సంఘానికి నాదొక ప్రతిపాదన. ప్రతి సభ్యుడూ ఒక నూరు పేజీల నోటుపుస్తకం కొనండి. తన సొంత ఊరు ఒకటి, తాను పనిచేసిన ఊరు ఒకటి తీసుకోండి. పేజీకి మూడు గళ్ళు గీయండి. పేరు, అది ఎక్కడ, ఎవరు చెప్పారు. చేలు, కుంటలు, తూములు, డొంకలు, వాగులు, గుట్టలు, ఒంటిచెట్లు, ఏదైనా సరే. పేరు ఎలా పలుకుతారో అలాగే వ్రాయండి. గ్రాంథికం చేయవద్దు. అర్థం తెలియకపోతే ఫరవాలేదు, మనకు తెలియనిది ముందుతరంవాడు కనిపెడతాడు. మీకు ఓపిక లేకపోతే మనవరాలితో ఫోనులో రికార్డు చేయించండి. పూర్తయిన పుస్తకాల జిరాక్సు ప్రతులు మన కార్యాలయంలో ఒకటి, జిల్లా గ్రంథాలయంలో ఒకటి ఉంచుదాం. ఖర్చు పెద్దది కాదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

నేను ఇంటికి వచ్చిన తరువాత పునరావాస కాలనీలలో ఉన్న మా మేనమామ పిల్లలకు, ఆ ఊరి పెద్దలకు ఫోన్లు చేశాను. తొంభై దాటిన ఒక అవ్వ ఒక్క మధ్యాహ్నంలో తొమ్మిది పేర్లు చెప్పింది. ఏ చేనులో ఏ పంట పండేదో, ఏ గట్టుమీద రేగుపళ్ళు తియ్యగా ఉండేవో కూడా చెప్పింది. పదకొండు పేర్లు ఇప్పుడు ముప్పై ఎనిమిది అయ్యాయి. నోటుపుస్తకం ఈ బల్లమీద పెడుతున్నాను. సభ అయ్యాక చూడండి.

ఏటా మనం ట్రెజరీకి బ్రతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇస్తున్నాము. ఈ ఏడాది మన ఊరి పేర్లు కూడా బ్రతికే ఉన్నాయని ఒక కాగితం వ్రాసి పెడదాం. పై ఏటి సర్వసభ్య సమావేశానికి ఎవరి పుస్తకం వారు తీసుకొని రావాలని కోరుతున్నాను.